నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో సొంత వాయిద్యం మొరాయిస్తే: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో, అంటే స్వరలిపి రాసి వినిపించే ప్రోగ్రామ్‌లో, జాబితాలో లేని వాయిద్యాన్ని మీరే తయారుచేసి స్కోరులో (స్వరాలు రాసే పత్రంలో) పెట్టారు. ప్లే నొక్కితే పియానో మోగుతోంది. లేదా రాసిన స్వరం ఒకటి, వినిపించేది దానికి ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కింద. లేదా అసలు ఆ వాయిద్యం జాబితాలోనే కనబడటం లేదు. ఇలాంటప్పుడు చాలామంది సెట్టింగులన్నీ వరసగా మార్చుకుంటూ పోతారు. అరగంట గడిచాక ఏది మార్చారో ఏది మార్చలేదో గుర్తుండదు, ఒక్క తప్పు ఉన్నచోట మూడు తయారవుతాయి. ముందు తప్పు ఏ చోట ఉందో తేల్చుకోండి. సరిచేయడానికి ఆ తర్వాత రెండు నిమిషాలు చాలు.

సాఫ్ట్‌వేర్ దృష్టిలో వాయిద్యం నాలుగు చోట్ల ఉంటుంది. మొదటిది నిర్వచనం, అంటే వాయిద్యాల జాబితా ఫైల్లోనో, ఎడిట్ ఇన్‌స్ట్రుమెంట్స్ డైలాగ్‌లోనో మీరు రాసి పెట్టిన వివరాలు. రెండోది స్కోరులోని నకలు. మూడోది ట్రాన్స్‌పోజిషన్, అంటే కాగితం మీద రాసే స్వరానికీ చెవికి వినబడే స్వరానికీ మధ్య ఉన్న దూరం. నాలుగోది శబ్దం: సౌండ్‌ఫాంట్ (వాయిద్యాల రికార్డు చేసిన శబ్దాలున్న ఫైలు), ప్రోగ్రామ్ నంబరు (అందులో ఏ శబ్దం కావాలో చెప్పే అంకె), మిక్సర్. ఈ నాలుగూ విడివిడిగా చెడిపోతాయి. ఒకచోటి తప్పుని ఇంకోచోట సర్దితే, వేరే కంప్యూటర్లో తెరిచిన రోజున అది మళ్లీ బయటపడుతుంది.

కింది ఉదాహరణల్లో ఎక్కువ భాగం మ్యూజ్‌స్కోర్ నుంచి తీసుకున్నవి. అది ఉచితం, దాని ఫైళ్లను ఎవరైనా తెరిచి చూడవచ్చు. సిబేలియస్, డోరికో అనే ఇతర నొటేషన్ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకు వేరేగా ఉన్నచోట విడిగా చెప్పాం.

ముందు పరీక్ష స్కోరు

అసలు స్కోరు మీద ప్రయోగాలు చేయకండి. కొత్తగా చిన్న స్కోరు తెరిచి ఇలా చేయండి.

1. రెండు స్టాఫులు (స్వరాలు రాసే గీతల వరసలు) పెట్టండి. పైన మీ వాయిద్యం, కింద పియానో. పియానోకి ట్రాన్స్‌పోజిషన్ ఉండదు కాబట్టి అదే మన కొలబద్ద.
2. కన్సర్ట్ పిచ్ బటన్ (స్వరాలను వినబడేట్టుగా చూపించేది) ఆపి, పై స్టాఫులో మూడు స్వరాలు నిండు నోట్లుగా రాయండి: వాయిద్యంలో అన్నిటికంటే కిందిది, మధ్యది ఒకటి, అన్నిటికంటే పైది.
3. ఆ స్వరాలు నిజంగా ఎలా వినబడాలో లెక్కవేసి, ఆ స్వరాలను పియానో స్టాఫులో రాయండి.
4. ఇప్పుడు కన్సర్ట్ పిచ్ నొక్కండి. రెండు స్టాఫుల్లోనూ స్వరాలు ఒకటే కావాలి. క్లెఫ్ (ఏ గీత ఏ స్వరమో చెప్పే, స్టాఫు మొదట్లో ఉండే గుర్తు) వేరైతే చోటు మారవచ్చు, స్వరం మారకూడదు.
5. ప్లే చేయండి. రెండూ ఒకే ఎత్తులో కలిసి మోగాలి.

నాలుగో అడుగులో తేడా వస్తే ట్రాన్స్‌పోజిషన్‌లోనో క్లెఫ్‌లోనో తప్పుంది. నాలుగు సరిపోయి ఐదులో తేడా వస్తే మీ నిర్వచనాన్ని ముట్టుకోకండి, తప్పు శబ్దం వైపు ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం పని అయిపోతుంది. దీన్ని దాటేసి ముందుకు వెళ్లవద్దు.

జాబితాలో కనబడకపోతే

మ్యూజ్‌స్కోర్ 3లో సొంత జాబితాను ఎడిట్ మెనూ, ప్రిఫరెన్సెస్, స్కోర్ ట్యాబ్‌లో ఇస్తారు. అక్కడ జాబితాల కోసం రెండు గళ్లు ఉంటాయి. మొదటిది సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన ఫైలు, దాన్ని కదపకండి. రెండో గడిలో మీ ఫైలు పెట్టండి. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన ఫైల్లోనే మీ వాయిద్యాన్ని ఇరికిస్తే, కొత్త వెర్షన్ వేసుకున్న రోజున మీ రాత మొత్తం కొట్టుకుపోతుంది. మీ ఫైల్లో మీ వాయిద్యాలు మాత్రమే ఉండాలి. పాత ఫైలంతా కాపీ చేసి చివర ఒకటి చేర్చితే, ఉన్న వాయిద్యాలే రెండేసి సార్లు వచ్చి గందరగోళం అవుతుంది.

ఫైలు ఇచ్చినా వాయిద్యం రాలేదంటే ఈ వరసలో చూడండి. డైలాగ్ పైభాగంలో కామన్ ఇన్‌స్ట్రుమెంట్స్ అని ఎంచి ఉంటుంది. మీ వాయిద్యానికి ఫైల్లోని జాన్ర (వర్గం) ట్యాగులో కామన్ అని రాయకపోతే అది ఆ వడపోతలో పడదు. ఆల్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఎంచుకుంటే కనబడుతుంది. అక్కడా లేకపోతే వాయిద్యం ఇన్‌స్ట్రుమెంట్ గ్రూప్ ట్యాగు లోపల ఉందో లేదో, దాని ఐడీ ఇంకెవరికీ లేనిదో కాదో చూడండి. అదీ సరిగ్గా ఉంటే ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో వివరాలు రాసే పద్ధతి) రాతలోనే తప్పు దొర్లి ఉంటుంది: మూయని ట్యాగు, లేదా పేరులో నేరుగా రాసిన ఆంపర్సాండ్ (&) గుర్తు. ఆ గుర్తు ఎక్స్‌ఎంఎల్‌లో ఒంటరిగా ఉండకూడదు, దాని పక్కనే ఎ, ఎం, పి అక్షరాలూ సెమికోలనూ ఉండాలి. ఫైలును బ్రౌజర్‌లోకి లాగి వదిలితే ఎన్నో లైనులో తప్పుందో అదే చెబుతుంది.

మ్యూజ్‌స్కోర్ 4లో సులువైన దారి వేరే. మీ వాయిద్యానికి దగ్గరగా ఉన్న దాన్ని స్కోరులో చేర్చి, స్టాఫు మీద రైట్ క్లిక్ చేసి స్టాఫ్/పార్ట్ ప్రాపర్టీస్ తెరవండి. పేరు, స్వరాల పరిధి, ట్రాన్స్‌పోజిషన్, గీతల సంఖ్య అన్నీ అక్కడే మార్చుకోవచ్చు. మార్చాక ఆ స్కోరును డాక్యుమెంట్స్‌లోని మ్యూజ్‌స్కోర్4 ఫోల్డర్‌లో, టెంప్లేట్స్ అనే చోట సేవ్ చేస్తే, కొత్త స్కోరు మొదలుపెట్టేటప్పుడు టెంప్లేటుగా వస్తుంది. సిబేలియస్‌లో కొత్త వాయిద్యం ఎప్పుడూ పాతదాని మీదే కట్టాలి. అందుకే ఏ వాయిద్యం మీద కడుతున్నారన్నది ముఖ్యం. స్టాఫ్ రకం, శబ్దం దాని నుంచే వస్తాయి. డప్పు జాతి వాయిద్యాన్ని ఫ్లూట్ మీద కట్టి తర్వాత సరిచేద్దామనుకుంటే పని రెట్టింపు.

మార్చారు, అయినా ఏమీ మారలేదు

అన్నిటికంటే ఎక్కువ సమయం తినే సమస్య ఇదే. వాయిద్యాన్ని స్కోరులో చేర్చిన క్షణంలో దాని నిర్వచనం మొత్తం స్కోరు ఫైల్లోకి నకలవుతుంది. ఆ తర్వాత జాబితా ఫైల్లో మీరు ఏం మార్చినా పాత స్కోరు పట్టించుకోదు. ఇది కావాలనే అలా పెట్టారు. లేకపోతే మీ స్కోరు తెరిచిన ప్రతివాళ్ల దగ్గరా మీ జాబితా ఫైలు ఉండాల్సి వచ్చేది.

కాబట్టి నిర్వచనం మార్చాక, స్టాఫ్/పార్ట్ ప్రాపర్టీస్‌లో వాయిద్యాన్ని మార్చే బటన్ నొక్కి అదే వాయిద్యాన్ని మళ్లీ ఎంచుకోండి. మ్యూజ్‌స్కోర్ 3లో దాని పేరు చేంజ్ ఇన్‌స్ట్రుమెంట్, 4లో రీప్లేస్ ఇన్‌స్ట్రుమెంట్. అప్పుడే కొత్త నకలు స్కోరులోకి వస్తుంది. జాబితా ఫైలు మార్చినప్పుడల్లా సాఫ్ట్‌వేర్‌ను మూసి తెరవడం కూడా అలవాటు చేసుకోండి. నకలు నిజంగా మారిందో లేదో కళ్లతో చూడాలంటే స్కోరును కుదించని రూపంలో, అంటే ఎంఎస్‌సీఎక్స్‌గా సేవ్ చేసి టెక్స్ట్ ఎడిటర్లో తెరవండి. మొదట్లోనే పార్ట్ ట్యాగు లోపల మీ వాయిద్యం వివరాలన్నీ ఉంటాయి.

సిబేలియస్‌లో కూడా మీరు తయారుచేసిన వాయిద్యం ఆ స్కోరుకే పరిమితం. వేరే స్కోరులోకి తీసుకెళ్లాలంటే హౌస్ స్టైల్‌ని (స్కోరు సెట్టింగులన్నీ కలిపిన ఫైలుని) ఎక్స్‌పోర్ట్ చేసి, రెండో స్కోరులో ఇంపోర్ట్ చేసేటప్పుడు వాయిద్యాలకు సంబంధించిన గడి టిక్ చేయాలి.

ట్రాన్స్‌పోజిషన్: రెండు అంకెలు, రెండూ సరిపోవాలి

ఫైల్లో ట్రాన్స్‌పోజిషన్‌ని రెండు అంకెల్లో రాస్తారు. డయటోనిక్ అంకె ఎన్ని అక్షరాలు జరగాలో చెబుతుంది. క్రొమాటిక్ అంకె ఎన్ని సెమిటోన్లు (పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం ఒక సెమిటోన్) జరగాలో చెబుతుంది. రాసిన స్వరం నుంచి వినబడే స్వరానికి లెక్క కాబట్టి, కిందికి పోతే మైనస్.

బి ఫ్లాట్ క్లారినెట్‌కి డయటోనిక్ -1, క్రొమాటిక్ -2. ఎఫ్ హార్న్‌కి -4, -7. ఆల్టో శాక్సఫోన్‌కి -5, -9. టెనర్ శాక్సఫోన్‌కి -8, -14. పికోలోకి +7, +12.

మీరు జి శ్రుతిలో ఉన్న పెద్ద ఫ్లూట్ ఒకటి తయారుచేస్తున్నారనుకోండి. దాని మీద సి అని రాస్తే కింది జి వినబడాలి. సి నుంచి బి, ఎ, జి: మూడు అక్షరాలు కిందికి, కాబట్టి -3. సెమిటోన్లు లెక్కపెడితే ఐదు, కాబట్టి -5. అంతే.

ఇప్పుడు ఒక్క అంకె తప్పితే ఏమవుతుందో చూడండి. బి ఫ్లాట్ క్లారినెట్‌లో క్రొమాటిక్ -2 సరిగ్గానే పెట్టి, డయటోనిక్‌లో పొరపాటున -2 పెట్టారు. వినడానికి అంతా బాగుంటుంది. కానీ సి అని రాసి కన్సర్ట్ పిచ్ నొక్కితే బి ఫ్లాట్ రావాల్సిన చోట ఎ షార్ప్ వస్తుంది. కీ సిగ్నేచర్ (వరస మొదట్లో ఉండే షార్పు, ఫ్లాట్ గుర్తులు) కూడా వింతగా మారిపోతుంది. చెవికి తేడా తెలియదు కాబట్టి ఈ తప్పు నెలల తరబడి దాక్కుని, విడి పార్టులు ప్రింట్ చేసి వాయించేవాళ్ల చేతికి ఇచ్చాక బయటపడుతుంది. స్కోరులో షార్పులు, ఫ్లాట్లు అకారణంగా తలకిందులైతే ముందు అనుమానించాల్సింది డయటోనిక్ అంకెనే.

రెండో తరచు తప్పు క్లెఫ్. అడుగున 8 ఉన్న ట్రెబుల్ క్లెఫ్ చాలా సాఫ్ట్‌వేర్లలో దానంతట అదే స్వరాన్ని ఒక ఆక్టేవ్ దించుతుంది. దాంతోపాటు ట్రాన్స్‌పోజిషన్‌లో -7, -12 కూడా పెడితే రెండు ఆక్టేవ్‌లు కిందికి పోతుంది. ఏదో ఒకటే ఉంచండి. మా సలహా క్లెఫ్‌నే ఉంచమని. పేజీ చూసేవాళ్లకు ఆ 8 కనబడుతుంది, డైలాగ్‌లో దాగిన అంకె కనబడదు. అయితే సంప్రదాయంగా మామూలు క్లెఫ్‌తోనే రాసే వాయిద్యమైతే ట్రాన్స్‌పోజిషనే వాడాలి.

స్వరాలు రాయడం మొదలుపెట్టక ముందే ట్రాన్స్‌పోజిషన్ తేల్చేసుకోండి. రాశాక మార్చాల్సి వస్తే, మార్చిన వెంటనే పరీక్ష స్కోరు చూసినట్టే మూడు స్వరాలు చూసుకుని ముందుకు వెళ్లండి.

స్వరాలు ఎర్రబడితే

పరిధి దాటిన స్వరాలను మ్యూజ్‌స్కోర్ రంగు మారుస్తుంది. నేర్చుకునేవాళ్ల పరిధి దాటితే ముదురు పసుపు, ఆరితేరినవాళ్ల పరిధి కూడా దాటితే ఎరుపు. ఆ పరిధులు మిడి నంబర్లలో (మిడి అంటే స్వరాలనూ శబ్దాలనూ అంకెలతో చెప్పే ప్రమాణం), 55-88 లాగా రాసి ఉంటాయి. అవి వినబడే స్వరాలు, రాసే స్వరాలు కావు. బి ఫ్లాట్ క్లారినెట్ కింది స్వరాన్ని 52 దగ్గర ఇ అని రాస్తారు, వినబడేది 50 దగ్గర డి. నిర్వచనంలో 52 పెడితే, హాయిగా వాయించగలిగే కింది రెండు సెమిటోన్లు ఎర్రగా కనబడతాయి.

మిడిల్ సి నంబరు ఎక్కడైనా 60. పేరు మాత్రం కొందరు సి4 అంటారు, కొందరు సి3 అంటారు. శాంపిల్ లైబ్రరీ (రికార్డు చేసిన శబ్దాల సంపుటి) పుస్తకంలో కీస్విచ్, అంటే వాయించే తీరు మార్చే మెట్టు, సి0 దగ్గర ఉందని రాస్తే అది 12 కావచ్చు, 24 కావచ్చు. స్టకాటో (పొట్టిగా తుంచి వాయించడం) రావాల్సిన చోట ఏమీ రాకపోతే కీస్విచ్‌ని ఒక ఆక్టేవ్ పైకీ, ఒకటి కిందికీ జరిపి చూడండి.

శబ్దం తప్పుగా వస్తుంటే

వయొలిన్ పెడితే వయోలా మోగుతోందా? ఫ్లూట్ పెడితే రికార్డర్ మోగుతోందా? పక్కింటి శబ్దం వస్తోందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. జనరల్ మిడి పట్టికలు (ఏ నంబరుకి ఏ వాయిద్యమో చెప్పే ప్రామాణిక జాబితాలు) 1 నుంచి 128 వరకు లెక్కపెడతాయి. మ్యూజ్‌స్కోర్ వాయిద్యాల ఫైలు 0 నుంచి 127 వరకు లెక్కపెడుతుంది. పట్టికలో ఫ్లూట్ 74, ఫైల్లో అది 73. పట్టిక చూసి 74 అని రాస్తే, పట్టికలో 75 దగ్గరున్న రికార్డర్ వస్తుంది. వయొలిన్ పట్టికలో 41, ఫైల్లో 40.

పక్కింటిది కాక అసలు సంబంధం లేని పియానో వస్తుంటే, మీరు అడిగిన బ్యాంకులో (శబ్దాల గుంపులో) ఆ నంబరు శబ్దం లేదని అనుమానించాలి. సౌండ్‌ఫాంట్‌ని పాలిఫోన్ లాంటి ఉచిత ఎడిటర్లో తెరిస్తే ప్రతి ప్రీసెట్ పక్కనా బ్యాంకు, ప్రోగ్రామ్ నంబర్లు కనబడతాయి. బయటి సింథసైజర్‌కి పంపుతుంటే ఇంకో మెలిక ఉంది. బ్యాంకు నంబరు కంట్రోలర్ 0, 32 రెండింటిలో వెళ్తుంది, కానీ ఆ తర్వాత ప్రోగ్రామ్ చేంజ్ వచ్చేదాకా అది అమల్లోకి రాదు. వరస తారుమారైతే పాత బ్యాంకులోని శబ్దమే మోగుతుంది.

మీరే రికార్డు చేసి సౌండ్‌ఫాంట్ తయారుచేసుకున్నారా? శ్రుతి ఎంత తప్పిందో ట్యూనర్‌తో కొలవండి. ఆ కొలతే కారణం చెబుతుంది. సరిగ్గా 100 సెంట్లు, 200 సెంట్లు, ఇలా నిండు సెమిటోన్లలో తప్పితే శాంపిల్ రూట్ కీ (రికార్డు చేసిన స్వరం ఏదో చెప్పే నంబరు) తప్పుగా ఉంది. దాదాపు 147 సెంట్లు, అంటే ఒకటిన్నర సెమిటోన్ కిందికి దిగితే అది శాంపిల్ రేటు. 48,000 దగ్గర రికార్డు చేసిన శబ్దాన్ని 44,100 అని నమోదు చేస్తే నిదానంగా మోగి సరిగ్గా అంతే దిగుతుంది. పది, ఇరవై సెంట్లే తేడా అయితే అది రికార్డు చేసేటప్పటి శ్రుతి. ఎడిటర్లో ఫైన్ ట్యూనింగ్‌తో సర్దుకోవచ్చు.

పిజికాటో (తీగను వేలితో మీటడం) అని రాసినా శబ్దం మారకపోతే, మీ నిర్వచనంలో ఆ పేరుతో ఇంకో ఛానెల్ (విడి శబ్దానికి విడి దారి) ఉందో లేదో చూడండి. పేజీ మీద అక్షరాలు రాసినంత మాత్రాన శబ్దం మారదు, మారడానికి ఒక ఛానెల్ ఉండాలి. ఇలా ఒక్కో వాయిద్యానికి మూడేసి ఛానెళ్లు పెడితే, ఆరు వాయిద్యాలకే 18 అవుతాయి. మిడి పోర్టుకు ఉండేవి 16. మిడి ఫైలుగా పంపేటప్పుడు శబ్దాలు కలగాపులగం కావడానికి ఇదొక కారణం.

తాళ వాయిద్యాలు

ఇక్కడ స్వరం ఎత్తుకి అర్థం లేదు. ప్రతి మిడి నంబరూ ఒక్కో దెబ్బ. 36 బాస్ డ్రమ్, 37 సైడ్ స్టిక్, 38 స్నేర్, 39 చప్పట్లు, 42 మూసిన హైహాట్, 46 తెరిచిన హైహాట్. వాయిద్యం డ్రమ్‌సెట్ అని నిర్వచనంలో గుర్తు పెట్టడం మరిచిపోతే, స్నేర్ మోగాల్సిన చోట 38వ నంబరు స్వరం, అంటే పియానో ఎడమచేతి వైపు ఉండే ఒక డి మోగుతుంది. ఆ ఒక్క లక్షణం చాలు తప్పు తెలియడానికి.

మూడు రకాల దెబ్బలున్న చేతి డ్రమ్ ఒకటి ఒకే గీత స్టాఫు మీద పెడుతున్నారనుకోండి. మ్యూజ్‌స్కోర్‌లో లైన్ అంకె పై గీత దగ్గర 0తో మొదలై కిందికి పెరుగుతుంది. గీతకి ఒకటి, గీత మధ్య ఖాళీకి ఒకటి. ఐదు గీతల స్టాఫులో మధ్య గీత 4, కింది గీత 8. ఒకే గీత ఉన్నప్పుడు ఆ గీతే 0. ఐదు గీతల డ్రమ్‌సెట్ నుంచి 4 అని కాపీ కొట్టి తెస్తే నోటు గీతకి చాలా కింద వేలాడుతుంది. గీత పైన గట్టి దెబ్బకి -1, గీత మీద తెరిచిన దెబ్బకి 0, గీత కింద లోతు దెబ్బకి 1 పెట్టండి. మూడింటికీ మూడు వేర్వేరు మిడి నంబర్లు ఇవ్వాలి. ఒకే నంబరు రెండు దెబ్బలకు ఇస్తే రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది. పని అయ్యాక డ్రమ్‌సెట్‌ని డీఆర్‌ఎం ఫైలుగా సేవ్ చేసుకుంటే వేరే స్కోరులో లోడ్ చేసుకోవచ్చు.

సిబేలియస్‌లో నోటు చోటూ, నోటు తల ఆకారమూ రెండూ కలిసి దెబ్బను నిర్ణయిస్తాయి. చోటు సరిగ్గా ఉండి తల మామూలుదైతే మీరు అనుకున్న దెబ్బ రాదు. డోరికోలో ఆ పని పర్కషన్ మ్యాప్‌ది (ఏ నోటుకి ఏ దెబ్బో చెప్పే పట్టిక). మ్యాప్ తయారుచేయడంతో సరిపోదు, మీ శబ్దం ఉన్న ఎండ్‌పాయింట్ సెటప్ (ఏ వాయిద్యానికి ఏ శబ్దమో కలిపే డైలాగ్)లో దాన్ని కేటాయించాలి. మౌనంగా ఉండే డ్రమ్ముల్లో చాలావాటికి ఈ రెండో అడుగే మిగిలిపోయి ఉంటుంది.

వేరే సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్తే

2024 ఆగస్టులో ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటించాక, పాత స్కోర్లను మ్యూజిక్ఎక్స్‌ఎంఎల్ (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి స్కోరు తీసుకెళ్లే ఫైలు రూపం) ద్వారా తరలించే అవసరం చాలామందికి వచ్చింది. సొంత వాయిద్యాలు దెబ్బతినేది ఎక్కువగా ఈ దారిలోనే. మ్యూజిక్ఎక్స్‌ఎంఎల్‌లో మిడి ప్రోగ్రామ్ 1 నుంచి 128 వరకు. తాళ వాయిద్యాల కోసం వాడే మిడి అన్‌పిచ్డ్ కూడా 1 నుంచి 128 వరకే. అంటే మిడిలో 38 అయిన స్నేర్ అక్కడ 39 అని రాసి ఉండాలి. పంపేవాళ్లో తీసుకునేవాళ్లో ఆ ఒకటి మరిచిపోతే లెక్క ఒక మెట్టు జరుగుతుంది: ఒకవైపు జరిగితే స్నేర్ బదులు చప్పట్లు, ఇంకోవైపు జరిగితే సైడ్ స్టిక్. దిగుమతి అయిన స్కోరులో అన్ని దెబ్బలూ ఒకే దిశలో ఒక్కో మెట్టు జరిగి ఉంటే, స్వరాలను ఒక్కొక్కటిగా దిద్దకండి. ఫైలును టెక్స్ట్ ఎడిటర్లో తెరిచి ఆ ట్యాగుల్లో ఉన్న అంకెలు సరిచేసి మళ్లీ దిగుమతి చేసుకోండి. సాధారణంగా అవి పార్ట్ లిస్ట్ భాగంలో, దెబ్బకొకటి చొప్పున ఉంటాయి.

ట్రాన్స్‌పోజ్ ట్యాగులో డయటోనిక్, క్రొమాటిక్ అంకెలు రెండూ ఉన్నాయో లేదో కూడా అదే విడతలో చూసేయండి. క్రొమాటిక్ ఒక్కటే ఉంటే షార్పులు, ఫ్లాట్లు ఊహ మీద నడుస్తాయి.

వాయిద్యం పేరు తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ఇంకొక్క మాట. పేరు బదులు ఖాళీ డబ్బాలు కనబడితే ఫైలు పాడైందని కంగారుపడకండి. స్టైల్ డైలాగ్‌లో, టెక్స్ట్ స్టైల్స్ కింద వాయిద్యం పొడవు పేరుకీ, పొట్టి పేరుకీ విడివిడిగా ఫాంట్ ఉంటుంది. రెండుచోట్లా నోటో సాన్స్ తెలుగు లాంటి తెలుగు ఫాంట్ ఎంచుకోండి. పొడవు పేరుకి మాత్రమే మార్చి వదిలేస్తే మొదటి వరసలో పేరు బాగా కనబడి, రెండో వరస నుంచి మళ్లీ డబ్బాలు వస్తాయి. జాబితా ఫైల్లో పేరు తెలుగులో రాసి ఉంటే, ఆ ఫైలును యూటీఎఫ్-8గానే సేవ్ చేయాలి.